పాత టొయోటా పికప్‌కి ఆఫ్‌రోడ్ సస్పెన్షన్: మొదటి కొలత నుంచి చివరి బోల్టు దాకా

1979 నుంచి 1985 మోడల్ దాకా అమెరికాలో అమ్మిన టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కి ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. నాలుగు మూలలా కమాన్ కట్టలే (ఇనుప పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులు). మిగతా ప్రపంచానికి అది హైలక్స్. 1986 మోడల్ నుంచి అమెరికా బండికి ముందువైపు టార్షన్ బార్లతో (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం విడిగా కదిలే ఏర్పాటు వచ్చింది. దాంతో రోడ్డు మీద ప్రయాణం హాయిగా మారింది కానీ, రాళ్లలో చక్రం పైకీ కిందికీ కదిలే దూరం తగ్గింది. అందుకే యూటాలోని మోయాబ్ రాళ్ల మీదా, కాలిఫోర్నియాలోని రూబికాన్ ట్రెయిల్ మీదా ఇప్పటికీ ఆ పాత బండ్లు తిరుగుతూ కనిపిస్తాయి. అమెరికాలో ఉంటూ వారాంతాల్లో గ్యారేజీలో చేతులకు గ్రీజు పూసుకోవడం ఇష్టమైన తెలుగువాళ్లకు ఇంతకంటే మంచి బండి దొరకదని నా నమ్మకం. దీంట్లో ఏ భాగమైనా కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

ఈ పనిలో ఎక్కువమంది మొదట అడిగే ప్రశ్న "ఎన్ని అంగుళాలు లేపాలి?" అని. అడగాల్సింది "చక్రం నేలను వదలకుండా ఎంత దూరం కదలగలదు?" అని. బండిని లేపడం తేలికే, నాలుగు ఇనుప దిమ్మెలు పెడితే చాలు. కానీ ఒక చక్రం గోతిలో, ఇంకోటి రాయి మీద ఉన్నప్పుడు నాలుగూ నేలను పట్టుకుని ఉండాలంటే కమాన్ కట్టలు మెత్తగా, పొడవుగా ఉండాలి. వాటికి తగ్గ షాకులు (కట్టల ఊపును అదుపు చేసే షాక్ అబ్జార్బర్లు) ఉండాలి. స్టీరింగ్, బ్రేకు పైపులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఆ కదలికకు అడ్డుపడకూడదు. కింద చెప్పే వరస మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది.

మొదట అరిగినవి చూసుకోండి

కొత్త సామాను కొనకముందే బండిని కింద నుంచి పైదాకా పరీక్షించాలి. నలభై ఏళ్ల బండిలో సగం జబ్బులు అరిగిపోయిన బుష్‌ల వల్లే వస్తాయి. షాకిల్ (కట్ట ఒక కొసను ఛాసిస్‌కి వేలాడదీసే ఊగే లింకు) బోల్టులు, కమాన్ కళ్లల్లో (కట్ట కొసల్లోని గుండ్రటి రంధ్రాల్లో) బుష్‌లు, రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ ఎండ్లు అన్నీ పట్టుకుని ఊపి చూడండి. మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ తిరిగిన బండి అయితే ఛాసిస్ మీద, ముఖ్యంగా కమాన్ హ్యాంగర్ల (కట్టను ఛాసిస్‌కి పట్టే బ్రాకెట్లు) చుట్టూ, వెనక చక్రాల పైన, సుత్తితో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. ఛాసిస్ పుచ్చిపోయి ఉంటే ముందు దాని పని చూడండి, సస్పెన్షన్ మాట తర్వాత.

ముందు యాక్సిల్‌ని జాకీతో లేపి, చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. ప్లే ఉంటే అది వీల్ బేరింగ్‌దా, స్టీరింగ్ నకిల్‌లోని (యాక్సిల్ కొసన చక్రంతో పాటు తిరిగే భాగం) ట్రనియన్ బేరింగ్‌దా (నకిల్ తిరిగే బేరింగ్) తేల్చుకోవాలి. ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ప్లే పోతే వీల్ బేరింగ్‌, అలాగే ఉంటే ట్రనియన్ బేరింగ్‌. నకిల్ గుండ్రటి భాగం మీద గ్రీజులో గేర్ ఆయిల్ కలిసి జారుతోందంటే లోపలి యాక్సిల్ సీల్ పోయినట్టే. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బేరింగ్‌లు, సీల్‌లు, బర్‌ఫీల్డ్ జాయింట్ల (చక్రం తిరిగినా దానికి శక్తి అందించే కీళ్లు) గ్రీజు అన్నీ ఒకేసారి మార్చేయండి. స్టీరింగ్ ఆర్మ్‌ని నకిల్‌కి పట్టి ఉంచే స్టడ్‌లు ఈ బండ్లలో వదులైపోవడం మామూలే. వాటిని టార్క్ రెంచ్‌తో బిగించడం మరిచిపోవద్దు.

తూకం, కొలతలు

సొంతంగా కట్టుకునేవాళ్లు ఎక్కువగా వదిలేసే మెట్టు ఇదే. మనిషి, డీజిల్ లేదా పెట్రోల్, పనిముట్లు, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), ముందు ఇనుప బంపర్, క్యాంపింగ్ సామాను, ట్రెయిల్‌కి ఎలా వెళ్తారో అచ్చం అలాగే నింపుకుని కాటా మీదికి ఎక్కించండి. అమెరికాలో హైవే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద ముందు యాక్సిల్ బరువు, వెనక యాక్సిల్ బరువు విడివిడిగా వస్తాయి. కమాన్ కట్టలు ఆ అంకెలను బట్టి ఎంచుకోవాలి. ఖాళీ బండికి బాగున్న కట్ట, వించ్ పెట్టాక వంగిపోతుంది. వించ్ కోసం గట్టిగా చేసిన కట్ట, వించ్ లేని బండిని పిల్లిమొగ్గలు వేయిస్తుంది.

తర్వాత చదునైన నేల మీద నాలుగు మూలలా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసి పెట్టుకోండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాలు, డిఫరెన్షియల్ పినియన్ (షాఫ్ట్ వచ్చి తగిలే గేరు) కోణం, షాకుల పొడవు కూడా రాయండి. అంతా విప్పేశాక ఈ అంకెలు ఎక్కడా దొరకవు.

టైరు, ఎత్తు, గేరు

ఎత్తుని టైరు నిర్ణయిస్తుంది. 31 అంగుళాల టైరుకి చిన్న లిఫ్ట్ చాలు. 33కి మూడు నాలుగు అంగుళాలు, కాస్త ఫెండర్ కోత. 35 అంటే ఐదు దాకా పోతుంది, దాంతో పాటు స్టీరింగ్ మార్చక తప్పదు. నా మాట వింటే 33 దగ్గర ఆగండి. ఈ బండికి 1981 మోడల్ నుంచి వచ్చిన 22ఆర్ ఇంజిన్ 2.4 లీటర్లది, ఓపికైనదే కానీ బలవంతుడు కాదు. 29 అంగుళాల టైరు, 4.10 గేరు (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే డిఫరెన్షియల్ నిష్పత్తి) ఉన్న బండికి 33 వేస్తే అదే లాగుడు రావడానికి దాదాపు 4.67 గేరు కావాలి. బజారులో దొరికే 4.88 వేసుకుంటే సరిపోతుంది. 35కి లెక్క 4.95 వస్తుంది, దానికి 5.29 వాడతారు.

చట్టం సంగతి ముందే చూసుకోండి. అమెరికాలో ఎత్తుకూ బంపర్‌కూ హద్దులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. మన దగ్గర, అంటే ఆంధ్ర, తెలంగాణల్లో పాత బండి మీద ఈ పని చేద్దామనుకునేవాళ్లకు దారి ఇంకా ఇరుకు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే నొక్కి చెప్పింది. అక్కడ అరిగిన భాగాలను అదే కొలతలో బాగుచేసుకోవడం దాకా ఈ మార్గదర్శి పనికొస్తుంది.

కమాన్ కట్టలు

అసలు విషయం ఇక్కడే ఉంది. కట్టలో ఒక్కో పట్టీ గట్టితనం దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మందం రెట్టింపైతే గట్టితనం ఎనిమిది రెట్లు. పొడవు విషయంలో ఇది తిరగబడుతుంది. మిగతావన్నీ అలాగే ఉండి పొడవు నాలుగో వంతు పెరిగితే గట్టితనం దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి తక్కువ సంఖ్యలో మందపాటి పట్టీలున్న కట్ట కంటే ఎక్కువ సంఖ్యలో పలుచటి పట్టీలున్న కట్ట, పొట్టి కట్ట కంటే పొడుగు కట్ట రాళ్లలో బాగా వంగుతాయి. కొనేటప్పుడు "నాలుగు అంగుళాల లిఫ్ట్" అన్న మాట కంటే పట్టీల సంఖ్య, మందం, ఎంత బరువుకు చేశారో అడగండి.

ఈ పికప్‌లో కట్టలు కంపెనీ నుంచే యాక్సిల్ పైన కూర్చుని వస్తాయి. మారుతీ జిప్సీలో అయితే కట్ట యాక్సిల్ కింద ఉంటుంది. అందుకే జిప్సీవాళ్లు కట్టను పైకి మార్చి ఒక్క దెబ్బతో ఎత్తు సంపాదిస్తారు. టొయోటాకి ఆ దారి లేదు, కట్టనే మార్చాలి. అందుకు నాలుగు మార్గాలున్నాయి.

తయారుగా దొరికే కట్టలు సులభమైనవి. ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఓల్డ్ మ్యాన్ ఎము తక్కువ ఎత్తుకు, బరువు లెక్కకు తగ్గట్టు చేసేది. మరీ ఎత్తు అక్కర్లేక, రోజూ నడిపే బండికి నేను వీటినే చెప్తాను. రాళ్లలోకి వెళ్లాలంటే అమెరికాలోని ఆల్-ప్రో లాంటి చోట్ల ఎక్కువ పట్టీల కట్టలు దొరుకుతాయి.

వెనక కట్టల్ని ముందు వేయడం పాతకాలపు పద్ధతి. పొడుగు కట్ట ముందుకు వస్తుంది, హ్యాంగర్ జరపాలి, వెల్డింగ్ కావాలి. వెనక్కి షెవర్లే పికప్‌ల 63 అంగుళాల కట్టలు వేయడం కూడా ఈ బండ్లలో బాగా నడిచే పని. పాత ఇనుము దుకాణంలో తక్కువ ధరకు దొరుకుతాయి, అద్భుతంగా వంగుతాయి. అయితే హ్యాంగర్లూ, షాకిల్ అతుకులూ కొత్తగా చేసుకోవాలి. వెల్డింగ్ చేతకానివాళ్లు దీని జోలికి వెళ్లవద్దు. హ్యాంగర్ ఊడితే యాక్సిల్ బండి కింద నుంచి వెళ్లిపోతుంది.

చౌక మార్గం పొడుగు షాకిళ్లు, అదనపు పట్టీ, దిమ్మెలు. పొడుగు షాకిల్ ఒక అంగుళం పెంచితే బండి లేచేది అర అంగుళమే. అదనపు పట్టీ ఎత్తు ఇస్తుంది కానీ కట్టను గట్టిపరుస్తుంది. యాక్సిల్‌కీ కట్టకీ మధ్య పెట్టే దిమ్మె వెనక ఒక అంగుళం దాకా పర్వాలేదు. ముందు యాక్సిల్ మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. తిరిగే చక్రాల మీద, బ్రేకు తొక్కినప్పుడు వచ్చే బలానికి అది జారితే బండి మీ చేతిలో ఉండదు.

విప్పడం, బిగించడం

ముందురోజే అన్ని బోల్టుల మీద పట్టువదిలించే నూనె చల్లండి. చదునైన సిమెంటు నేల మీద వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్‌ని జాకీతో లేపి, కట్ట వెనక హ్యాంగర్‌కి వెనుకగా ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టండి. జాకీని మాత్రమే నమ్ముకుని బండి కిందికి దూరవద్దు. యాక్సిల్ బరువుని ఇంకో జాకీ మోయాలి. షాకులు, బ్రేకు పైపు బ్రాకెట్టు విడదీయండి, లేకపోతే యాక్సిల్ వేలాడేటప్పుడు పైపు తెగుతుంది. తర్వాత యూ బోల్టులు (కట్టను యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ ఆకారపు బోల్టులు) తీయండి. రాకపోతే గ్రైండర్‌తో కోసెయ్యండి, ఎలాగూ వాటిని మళ్లీ వాడకూడదు. ఒకసారి సాగిన యూ బోల్టు రెండోసారి బిగువు నిలుపుకోదు.

ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు మొదలుపెట్టండి. కొత్త కట్ట సెంటర్ బోల్ట్ తల, యాక్సిల్ మీది గూడులో పూర్తిగా కూర్చోవాలి. యూ బోల్టు నాలుగు నట్లనూ వంతులవారీగా, ఎదురెదురుగా, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించండి. మొదటి పట్టీ కంటి చుట్టూ రెండో పట్టీ చుట్టుకుని ఉండే కట్ట దొరికితే తీసుకోండి. మొదటి పట్టీ విరిగినా బండి ఇంటికి చేరుతుంది.

రబ్బరు బుష్ ఉన్న బోల్టుల్ని మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరిగా బిగించాలి. గాల్లో బిగిస్తే, కింద పెట్టగానే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లో చిరిగిపోతుంది. పాలీయురేథేన్ బుష్‌లకు ఆ బాధ లేదు, వాటికి సిలికాన్ గ్రీజు పెట్టుకుంటూ ఉండాలి, లేకపోతే కీచుమంటాయి.

వెల్డింగ్ చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. బ్యాటరీ తీగలు విప్పండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ చేయకండి. వేడికి అది ఫాస్‌జీన్ అనే విషవాయువు అవుతుంది, మనుషుల్ని చంపుతుంది.

కోణాలు

కమాన్ మారిందంటే యాక్సిల్ కూడా కొద్దిగా తిరుగుతుంది. ఈ బండిలో ముందు షాకిల్ కట్టకు ముందుకొసన ఉంటుంది. దాన్ని పొడుగు చేస్తే కట్ట ముందు కొస కిందికి దిగి యాక్సిల్ పైభాగం ముందుకు వాలుతుంది, దాంతో క్యాస్టర్ (నకిల్ తిరిగే అక్షం పైభాగం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. క్యాస్టర్ తగ్గిన బండి హైవే మీద తిన్నగా పోదు. స్టీరింగ్ తనంతట తాను మధ్యలోకి రాదు. కట్టకూ యాక్సిల్‌కూ మధ్య కోణపు పట్టీలు పెట్టి దీన్ని సరిచేయవచ్చు. అవి ఇనుపవే వాడండి, అల్యూమినియంవి నలిగి పగులుతాయి. ఎక్కువ తేడా ఉంటే నకిళ్లను కోసి, తిప్పి, మళ్లీ వెల్డ్ చేయాలి. అది అనుభవమున్న చేతులకే.

వెనక పినియన్ కోణాన్ని డిజిటల్ యాంగిల్ గేజ్‌తో చూడండి. షాఫ్ట్‌కి రెండు వైపులా మామూలు క్రాస్ ఉంటే, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందూ వెనకా యాక్సిళ్లకు శక్తిని పంచే పెట్టె) అవుట్‌పుట్, పినియన్ రెండూ సమాంతరంగా ఉండాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు డబుల్ కార్డన్ జాయింట్ (రెండు క్రాసులు కలిపిన కీలు) ఉంటే పినియన్ ఆ జాయింట్ వైపు చూడాలి, కానీ ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచి. గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కినప్పుడు కట్ట మెలిపడి పినియన్ పైకి లేస్తుంది కాబట్టి ఆ ఖాళీ ఉంచాలి. వేగంగా వెళ్తున్నప్పుడు నేల కింద నుంచి వణుకు వస్తే మొదట ఈ కోణాలే చూడాలి.

స్టీరింగ్, బ్రేకులు, షాఫ్ట్

కంపెనీ స్టీరింగ్‌లో పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ తిప్పే చేయి) ముందుకీ వెనక్కీ కదులుతుంది, దాని కదలికను నకిల్‌కి చేర్చే డ్రాగ్ లింక్ ఛాసిస్ పక్కనే ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ గుంత వచ్చిన ప్రతిసారీ స్టీరింగ్ చేతుల్లో తిరుగుతుంది. మూడు అంగుళాల లోపు అయితే సర్దుకోవచ్చు. నాలుగు దాటితే మాత్రం క్రాస్‌ఓవర్ స్టీరింగ్‌కి మారిపోవాలని నా గట్టి సలహా. 1986 తర్వాతి టొయోటా పికప్‌ల స్టీరింగ్ బాక్స్ తెచ్చి, ఛాసిస్‌కి ప్లేటు వెల్డ్ చేసి, ఛాసిస్ గుండా ఇనుప గొట్టాలు పెట్టి బోల్టులు బిగిస్తారు. గొట్టాలు లేకుండా బిగిస్తే ఛాసిస్ నలుగుతుంది, తర్వాత పగుళ్లు వస్తాయి. డ్రాగ్ లింక్ అటు పక్క నకిల్‌కి అడ్డంగా పోతుంది. నకిల్ పైనుంచి వచ్చే పొడుగు ఆర్మ్‌లు వేస్తే టై రాడ్ కట్టల పైకి చేరి రాళ్ల దెబ్బ తప్పించుకుంటుంది.

బ్రేకు రబ్బరు పైపుల్ని యాక్సిల్ పూర్తిగా వేలాడే స్థితిలో, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. బిగుసుకుంటే పొడుగువి వేయాలి. వెనక యాక్సిల్ మీద బరువును పసిగట్టి బ్రేకు ఒత్తిడిని తగ్గించే వాల్వ్ ఉంటుంది, దానికి ఒక కడ్డీ తగిలించి ఉంటుంది. బండి లేపితే ఆ వాల్వ్ వెనక బరువేమీ లేదని అనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గిస్తుంది. ఆ కడ్డీ బ్రాకెట్టుని లేపిన ఎత్తుకు తగ్గట్టు పైకి జరపాలి. ఇది మరిచిపోతే బండి ముందు చక్రాలతోనే ఆగాల్సి వస్తుంది.

ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ స్లైడ్ అయ్యే భాగం యాక్సిల్ పూర్తిగా దిగినప్పుడు ఊడిపోకుండా, పూర్తిగా నొక్కినప్పుడు అడుగుకు తగలకుండా ఉందో చూడండి.

షాకులు చివరగా

కట్టలు వేశాక, బండి తన బరువు మీద స్థిరపడ్డాక మాత్రమే షాకులు కొనండి. కిట్‌తో పాటు వచ్చిన షాకు మీ బండికి కొలిచి చేసింది కాదు.

బంప్ స్టాప్‌లను (యాక్సిల్ పైకి రావడాన్ని చివర్లో ఆపే రబ్బరు దిమ్మెలు) సరైన ఎత్తుకు పెట్టి, ఒక చక్రం కింద జాకీ పెట్టి స్టాప్‌కి ఆనేదాకా లేపండి. పై పిన్నుకీ కింది పిన్నుకీ మధ్య దూరం కొలవండి. తర్వాత ఆ చక్రాన్ని పూర్తిగా వేలాడనిచ్చి మళ్లీ కొలవండి. ఉదాహరణకు నొక్కినప్పుడు 16.5, మామూలుగా 21.5, వేలాడినప్పుడు 27 అంగుళాలు వచ్చాయనుకోండి. అప్పుడు మూసుకున్నప్పుడు 16కి మించని, తెరుచుకున్నప్పుడు 27.5కి తగ్గని షాకు కావాలి. బంప్ స్టాప్ కంటే ముందు షాకు అడుగు తగిలితే షాకు చస్తుంది. కదలికను పైకీ కిందికీ సుమారు సగం సగం పంచుకోండి.

పాత బిగింపు స్థానాల్లో అంత పొడుగు షాకు పట్టదు. ముందు కోసం చాలామంది ఫోర్డ్ ఎఫ్-250 షాక్ టవర్లు తెచ్చి వెల్డ్ చేసుకుంటారు, అది బాగా నిలబడే పని. షాకు వాలు విషయంలో జాగ్రత్త. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలితే చక్రం దగ్గర దాని పనితనం ముప్పావుకి, 45 డిగ్రీలు వాలితే సగానికి పడిపోతుంది. వెనక షాకుల్ని బెడ్ కింద మరీ పడుకోబెట్టే అలవాటు మంచిది కాదు.

షాకు ఒకే గొట్టంతో చేసిన మోనోట్యూబ్ మంచిదా, ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలున్న ట్విన్‌ట్యూబ్ మంచిదా అన్న వాదన చాలా సాగుతుంది. నా అభిప్రాయంలో నెమ్మదిగా రాళ్లెక్కే బండికి మామూలు ట్విన్‌ట్యూబ్ చాలు. ఎడారి మట్టిరోడ్ల మీద గంటల తరబడి వేగంగా పోయేవాళ్లకు వేడిని బాగా వదిలే మోనోట్యూబ్ అవసరం. పలుచటి పట్టీల కట్టకు మరీ గట్టి షాకు వేస్తే, సంపాదించిన మెత్తదనం అంతా పోతుంది.

పరీక్ష

ఒక ముందు చక్రాన్ని ర్యాంప్ మీదకు ఎక్కించి, ఏ చక్రమైనా నేల వదిలేదాకా నెమ్మదిగా నడపండి. 20 డిగ్రీల ర్యాంప్ అయితే, ఎక్కిన దూరాన్ని వీల్‌బేస్‌తో భాగించి 1000తో గుణిస్తే మీ బండి స్కోరు వస్తుంది. 103 అంగుళాల వీల్‌బేస్ బండి 62 అంగుళాలు ఎక్కితే దాదాపు 600. స్కోరు కంటే ముఖ్యమైనవి అక్కడ కనిపిస్తాయి. టైరు ఫెండర్‌కి, కట్టకి రాసుకుంటోందా? స్టీరింగ్ అటూ ఇటూ తిప్పితే ఏదైనా అడ్డుపడుతోందా? బ్రేకు పైపు లాగుతోందా? టార్చిలైటు పట్టుకుని కిందకి చూడండి.

టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి వాలే తేడా) రెండు మూడు మిల్లీమీటర్లకు సర్దించి, ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంతో మొదలుపెట్టండి. హైవే వేగంలో స్టీరింగ్ ఊగడం మొదలైతే స్టెబిలైజర్ (స్టీరింగ్ ఊపును అణిచే చిన్న షాకు) కొని కప్పిపుచ్చకండి. ట్రనియన్ బేరింగ్, టై రాడ్ ఎండ్లు, క్యాస్టర్, టైరు బ్యాలెన్స్, ఈ వరసలో వెతకండి. గ్యాస్ తొక్కినప్పుడు వెనక చక్రాలు ఎగురుతుంటే కట్ట ఎస్ ఆకారంలో మెలిపడుతోందన్నమాట. దిమ్మె తీసేయండి, లేదా యాక్సిల్ నుంచి ఛాసిస్‌కి ట్రాక్షన్ బార్ పెట్టుకోండి.

మొదటి 150 కిలోమీటర్ల తర్వాత యూ బోల్టుల్ని మళ్లీ టార్క్‌కి బిగించండి. కొత్త కట్టలు కుదురుకునేటప్పుడు అవి తప్పకుండా కొద్దిగా వదులవుతాయి. మొదటి ట్రెయిల్ నుంచి రాగానే నకిల్ స్టడ్లు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు, కొత్త వెల్డులు కడిగి చూడండి. హ్యాంగర్ అంచుల్లో సన్నగా తుప్పు గీత కనిపిస్తే అక్కడ పగులు మొదలైందని లెక్క. ఆ బండి రోడ్డెక్కడానికి ముందే దాన్ని రుద్ది, మళ్లీ వెల్డ్ చేయించండి.